ఎడమచేతి ముద్దలు

"అడిగితే మాత్రం అబద్ధం చెప్పను. ముందే చెప్తున్నాను" అంది అత్తగారు.

పొద్దుటి నుంచి ఆవిడ ఈ మాట అనడం ఇది నాలుగోసారి. కోడలు పొయ్యి దగ్గర నిలబడి, అడుగంటిన అన్నాన్ని గిన్నెలోంచి గరిటెతో గీకుతోంది. వంటింటి నిండా మాడు వాసన. పన్నెండున్నరకల్లా దుకాణంలో తోటివాళ్లు భోజనానికి వచ్చేస్తారు. గోడ గడియారం పదకొండూ ఇరవై చూపిస్తోంది.

"మిమ్మల్ని అబద్ధం చెప్పమని ఎవరన్నారు అత్తయ్యా? ఊరికే కూర్చోమన్నాను."

"నోరున్న మనిషిని, ఊరికే ఎలా కూర్చుంటాను?"

"పోనీ లోపల పడుకోండి. ఒంట్లో బాగాలేదని చెప్తాను."

"బావుందే! వాణ్ణి ఊరు పంపించావు, ఇప్పుడు నన్ను మంచం ఎక్కిస్తావా? ఇంకాసేపు ఆగితే పైకి కూడా పంపించేస్తావు."

కోడలు మాడిన అన్నాన్ని చెత్తబుట్టలో వేసి, డబ్బాలో మిగిలిన జిగురు బియ్యం కొలిచి చూసింది. సరిగ్గా సరిపోతాయి. ఈసారి కూడా మాడితే వచ్చినవాళ్ల చేతిలో తలో సముద్రపు నాచు కాగితం పెట్టి, ఇదే జపాను వాళ్ల సుషీ, నమలండి అనాలి.

మొగుడు ఏ ఊరూ వెళ్లలేదు. నలభై ఒక్క రోజుల కిందట రెండు చొక్కాలూ, గుడ్డలో చుట్టిన తన కత్తులూ తీసుకుని, "నాకిక్కడ ఊపిరాడటం లేదు" అని ఒక్క ముక్క చెప్పి, తను సుషీ చేసే హోటలు వెనక వీధిలో గది తీసుకున్నాడు. బస్సెక్కితే ఇరవై నిమిషాల దూరం. కొట్టాడా అంటే లేదు, తిట్టాడా అంటే లేదు, ఇంకో మనిషి ఉందా అంటే అదీ లేదు. ఏదో ఒకటి ఉంటే కనీసం తిట్టుకోవడానికి ఓ కారణం దొరికేది.

ఈమె పనిచేసే కళ్లజోళ్ల దుకాణంలో మాత్రం ఆయన ఊరెళ్లాడు. వేరే ఊళ్లో కొత్త హోటలు తెరిచారనీ, అక్కడి వంటవాళ్లకి పని నేర్పడానికి వెళ్లాడనీ ఈమె చెప్పింది. మొదటి రోజు నోటికొచ్చినది చెప్పింది. రెండో రోజు దానికి కాళ్లొచ్చాయి. ఇప్పుడది ఇంటికే వస్తోంది.

"మా ఆయన చేసి పెట్టడు, మీ చేతే చేయిస్తాడు. ఎవరి సుషీ వాళ్లే చుట్టుకోవాలి" అని ఏడాదిగా ఊరించింది ఈమే కదా! ఆదివారం మధ్యాహ్నం అని తారీఖు పెట్టిందీ ఈమే. ఆయన ఊళ్లో లేడంటే, "పోనీలే అక్కా, ఎనిమిదేళ్లు చూశావు, నువ్వే నేర్పించు" అన్నారు తోటివాళ్లు ముగ్గురూ. కాదనడానికి నోరు రాలేదు.

ఎందుకు రాలేదంటే, మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ ముగ్గురితో గడిపే అరగంటే ఈమెకి రోజు మొత్తం మీద మాట. మొగుడు వదిలి వెళ్లాడని తెలిస్తే ఆ అరగంటలోకి జాలి వచ్చి కూర్చుంటుంది. జాలి వచ్చి కూర్చున్నచోట కబుర్లు నిలవవు. ఇక ఇంట్లో రెండో గొంతంటూ ఉంటే అది అత్తగారిదే. ఈ రెండూ కూడా పోతే ఏమిటన్నది ఈమె భయం. ఒంటరితనమంటే ఈమెకి చచ్చేంత భయం. అదీ సంగతి.

అత్తగారు మామూలు మనిషి కాదు. కొడుకు గుమ్మంలో నిలబడి, "నువ్వూ రా అమ్మా" అంటే, "నువ్వెళ్లు నాయనా. నాకు ఊపిరి బాగానే ఆడుతోంది" అన్న మనిషి. ఆ ఒక్క మాటని తలకింద దిండులా పెట్టుకుని కోడలు నలభై రోజులుగా నిద్రపోతోంది.

కాకపోతే వారం రోజులుగా ఆవిడ ముభావంగా ఉంది. ఫోను పట్టుకుని బాల్కనీలోకి వెళ్తుంది, తలుపు దగ్గరగా వేస్తుంది. లోపలికొచ్చాక పెదవి విప్పదు. తన అబద్ధం మీద కోపం కాబోలనుకుంది కోడలు. కోపంలో అర్థం ఉందని కూడా అనుకుంది.

"గుమ్మం దగ్గర ఆ బూట్లేమిటి?" అంది అత్తగారు హాల్లోంచి.

"ఆయనవే."

"అవి వాడివని నాకు తెలీదా? అటక మీద ఉండాల్సినవి గుమ్మంలోకెలా వచ్చాయని."

"తుడిచి పెట్టాను. ఉండనివ్వండి అత్తయ్యా, మీకు దండం పెడతాను."

ఆవిడ గొణుక్కుంటూ స్నానాల గదిలోకి వెళ్లింది. అక్కడ గ్లాసులో మూడో బ్రష్షు కనిపించి ఉంటుంది. కాసేపటికి బాల్కనీ తలుపు కిర్రుమంది. కోడలు చేతులు తుడుచుకుంటూ వెనకే పరిగెత్తింది.

తీగ మీద నీలం చొక్కా నీళ్లు కారుతూ వేలాడుతోంది. అత్తగారు దాని కిందే నిలబడి చూస్తోంది.

"ఇది బీరువాలో ఉన్న ఉతికిన చొక్కా కదుటే?"

"అవును."

"మరి మళ్లీ ఎందుకు తడిపావు?"

కోడలు నేల చూపులు చూసింది. "మగవాడున్న ఇంట్లో తీగ మీద చొక్కా ఉంటుంది కదా అని."

ఇంక మొదలవుతుంది దండకం అనుకుని కళ్లు మూసుకుంది. ఏ మాటా వినపడలేదు. కళ్లు తెరిచేసరికి అత్తగారు జారిపోతున్న క్లిప్పు తీసి, భుజం దగ్గర సరిగ్గా పెడుతోంది.

"గాలికి పోతుంది. క్లిప్పు పెట్టడం కూడా రాదు నీకు" అని లోపలికి వెళ్లిపోయింది.

*

పన్నెండున్నరకి ముగ్గురూ వచ్చారు.

ముందు గంట వచ్చింది. దుకాణంలో కౌంటరు దగ్గర కూర్చునే పిల్ల. అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఎక్కడా లేదు; నోట్లో నువ్వుగింజ నానదు కాబట్టి అందరికీ గంటే. ఆమె వెనక క్యాషియరమ్మ, చేతిలో పళ్ల సంచీ. అందరికన్నా వెనక, మెట్లెక్కిన ఆయాసం తీర్చుకుంటూ అద్దాల మాస్టారు. ముప్ఫయ్యేళ్లుగా కళ్లజోళ్ల అద్దాలు అరగదీస్తున్న మనిషి. ఎవరి మొహం చూసినా ముందు కళ్లజోడు వంకరగా ఉందా అని చూస్తాడు.

"అక్కా! బావగారు బూట్లు ఇక్కడే వదిలేసి వెళ్లారా? మరి అక్కడ చెప్పుల్లేకుండా నేర్పిస్తున్నారా?" అంది గంట, ఇంకా గుమ్మం దాటకుండానే.

"ఆయనకి రెండు జతలున్నాయిలే."

"అదృష్టవంతులు! మా ఇంట్లో నాకూ మా చెల్లికీ కలిపి ఒకటిన్నర జత."

అందరూ నవ్వారు. కోడలు కాస్త ఎక్కువ నవ్వింది. అత్తగారు నవ్వలేదు. గోడ పక్క కుర్చీలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని, వచ్చిన ముగ్గుర్నీ ఎగాదిగా చూసింది.

రెండోసారి అన్నం బాగానే కుదిరింది. వెనిగర్‌లో పంచదార, ఉప్పు కలిపి, కోడలు దాన్ని వేడన్నం మీద చల్లి, వెడల్పాటి పళ్లెంలో పరిచింది. గంట చేతికి పాత పత్రిక ఇచ్చి విసనకర్రలా విసరమంది. "మెతుకు చితక్కూడదు. గరిటెతో కోస్తున్నట్టు కలపాలి, కెలక్కూడదు" అని తను చెప్తుంటే ఆ మాటలు ఆయనవేనని ఆమెకి తెలుస్తూనే ఉంది. గొంతు కూడా ఆయనలాగే కాస్త నెమ్మదించింది.

ముందు చుట్టలు. బల్ల మీద నాలుగు వెదురు చాపలు పరిచింది. నాచు కాగితం మెరిసే వైపు కిందికి. పైన పల్చగా అన్నం. అవతలి అంచున వేలెడంత ఖాళీ. మధ్యలో కీర, క్యారెట్టు, పొడుగ్గా కోసిన ఆమ్లెట్టు, ఉడికించిన రొయ్యలు.

"ఇంత తక్కువ అన్నమేమిటమ్మాయ్? ఇది మనిషికా, పిచిక్కా?" అంది క్యాషియరమ్మ.

"ఎక్కువైతే పగిలిపోతుందక్కా."

వింటేనా! క్యాషియరమ్మ చుట్ట నడుం దగ్గర పగిలి, రొయ్య బయటికి తొంగిచూసింది. మాస్టారిది మాత్రం గీత గీసినట్టు వచ్చింది. గంట తన చుట్టని కొయ్యకుండానే చేత్తో పట్టుకుని కొరికేసింది. నాచు సాగి, నోట్లోంచి రాక, లోపలికి పోక, ఆ పిల్ల ఐదు నిమిషాలు మాట్లాడలేకపోయింది.

"రోజూ దుకాణంలో ఈ నాచు ఒక కట్ట పెట్టుకోవాలి" అన్నాడు మాస్టారు.

ఈసారి అత్తగారు కూడా నవ్వింది. కోడలికి ఆ నవ్వు వినపడగానే ప్రాణం లేచొచ్చింది. నలభై రోజుల తర్వాత ఈ ఇంట్లో ఐదుగురు మనుషుల చప్పుడు. గిన్నెల మోత, కుర్చీ జరిపిన శబ్దం, నీళ్లెవరో అడగడం, ఇంకెవరో అందించడం. ఈ ఆదివారం ఇలాగే సాగిపోతే బావుండు, వీళ్లు ఇళ్లకి వెళ్లడం మర్చిపోతే బావుండు అనిపించింది.

అక్కడితో ఆపి ఉంటే సరిపోయేది. ఆపలేదు. మెచ్చుకున్న కొద్దీ మనిషికి ఇంకొకటి చూపించాలనిపిస్తుంది.

"ఇప్పుడు ముద్దలు. ఇవి కష్టం, చాప ఉండదు, చేతుల్లోనే చెయ్యాలి. నన్ను చూస్తూ చెయ్యండి."

వెనిగర్ కలిపిన నీళ్లలో చేతులు తడుపుకుంది. ఒక చేత్తో చిన్న అన్నం ముద్ద తీసుకుంది. రెండో అరచేతిలో రొయ్య పరిచింది. ముద్దని దాని మీద పెట్టి, రెండు వేళ్లతో నొక్కి, తిప్పి, మళ్లీ నొక్కింది. ముగ్గురూ ఆమె చేతులు చూస్తూ అలాగే మొదలుపెట్టారు.

గంట ముద్ద కింద పడింది. క్యాషియరమ్మది వేళ్లకి అతుక్కుపోయింది. గీత గీసినట్టు చుట్ట చుట్టిన మాస్టారి చేతిలో కూడా ముద్ద ఇటు వంగి అటు వంగి విడిపోయింది. రెండోసారీ అంతే. చెప్పినామెది కూడా ఏమంత గొప్పగా లేదు. రొయ్య పక్కకి జారిపోతోంది.

"అన్నంలో తేడా ఉందేమో" అంది క్యాషియరమ్మ.

మాస్టారు కళ్లజోడు ముక్కు మీదికి దించి, కోడలి చేతుల కేసి చూశాడు. తన చేతుల కేసి చూసుకున్నాడు. గంట చేతులు కూడా చూశాడు.

"అన్నంలో కాదు. అమ్మా, నువ్వు దుకాణంలో స్క్రూ బిగించేది కుడిచేత్తో కదూ?"

"అవును మాస్టారూ."

"మరి ఇదంతా ఎడమచేత్తో చేస్తున్నావేమిటి? మాచేతా చేయిస్తున్నావు."

కోడలు తన చేతులు చూసుకుంది. కుడి అరచేతిలో రొయ్య. ఎడమచేతిలో అన్నం. నొక్కుతున్నవి ఎడమచేతి వేళ్లు. ఎవరివో పరాయి చేతులు చూస్తున్నట్టనిపించింది.

ఆయనది ఎడమచేతి వాటం. ఎనిమిదేళ్లుగా ప్రతి ఆదివారం ఆయన పక్కనే నిలబడి కీర తొక్క తీస్తూ చూసింది. ఒక్క ముద్ద కూడా తను చెయ్యలేదు. చెయ్యమని ఆయన అడగలేదు, చేస్తానని ఈమె అనలేదు. చూసి చూసి ఆ చేతులే తనకి వచ్చేశాయి, పనితనం మాత్రం రాలేదు.

"బావగారిది ఎడమచెయ్యా? అయితే నువ్వసలు ఎప్పుడూ చెయ్యలేదన్నమాట! పక్కన నిలబడి చూసి మాకు పాఠం చెప్తున్నావా?" గంట పడి పడి నవ్వింది. "ఫోన్ చెయ్యక్కా ఆయనకి! వీడియోలో చూపిస్తారు. కుడిచేత్తో ఎలాగో అడుగుదాం."

"వద్దు. పనిలో ఉంటారు."

"ఆదివారం మధ్యాహ్నం ఏం పనక్కా? ఒక్క నిమిషం. నంబరు చెప్పు, నా ఫోనులోంచి చేస్తా."

"వద్దన్నానా!"

ఆ మాట అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. గంట చెయ్యి ఫోను మీదే ఆగిపోయింది. కుళాయిలోంచి నీటిచుక్క పడటం కూడా వినపడింది.

క్యాషియరమ్మ పెద్దమనిషి. మాట మార్చాలనే అడిగి ఉంటుంది. కానీ అడగాల్సినదే, అడగకూడని మనిషిని అడిగింది.

"అమ్మా, మీ అబ్బాయి ఎప్పుడొస్తారు?"

అందరి తలలూ గోడ పక్క కుర్చీ వైపు తిరిగాయి. కోడలు మాత్రం తిరగలేదు. చేతిలోని ముద్దని పట్టుకుని అలాగే నిలబడింది. అడిగితే అబద్ధం చెప్పనని నాలుగుసార్లు చెప్పిన మనిషి. అయిపోయింది, ఇంకేముంది అనుకుంది. రేపటి నుంచి భోజనాల దగ్గర వీళ్లు గొంతు తగ్గించి మాట్లాడతారు. ఎల్లుండి నుంచి తను ఒక్కతే పక్క బల్ల దగ్గర తింటుంది.

అత్తగారు గొంతు సవరించుకుంది.

"రేపు పొద్దున వస్తున్నాడమ్మా. పదింటికి."

కోడలి చేతిలోని ముద్ద జారి బల్ల మీద పడింది.

"అదీ! అందుకేనా ఫోన్ వద్దంది! రేపెలాగూ వస్తున్నారుగా, సర్‌ప్రైజ్ చెయ్యాలనుకుంది అక్క." గంట మళ్లీ మోగడం మొదలుపెట్టింది. "అయితే మనం తలా ఒక ముద్ద చేసి ఆయన కోసం పెడదాం. మార్కులు వేసి పంపమందాం."

అందరూ చేతులు మార్చారు. కుడిచేత్తో చేసేసరికి ముద్దలు నిలబడ్డాయి. మాస్టారిది మళ్లీ అచ్చు పోసినట్టుంది. మూడు ముద్దలూ ఒక పళ్లెంలో పెట్టి, మూత వేసి, ఫ్రిజ్‌లో పెట్టారు. ఎవరిది ఏదో తెలియాలని గంట వరుసగా ఒకటి, రెండు, మూడు అని చీటీ కూడా రాసి పెట్టింది.

కోడలు మధ్యమధ్య అత్తగారి వైపు చూస్తూనే ఉంది. ఆవిడ ఇటు చూడలేదు.

వెళ్లేటప్పుడు మాస్టారు గుమ్మంలో వంగి చెప్పులు వేసుకుంటూ, ఆ బూట్లని ఒక్క క్షణం చూశాడు. లేచి, "అన్నం బాగా కుదిరిందమ్మా" అని మెట్లు దిగాడు. నాలుగో మెట్టు మీద ఆగి, వెనక్కి తిరిగి, "చాలా బాగా కుదిరింది" అని మళ్లీ అన్నాడు.

*

మూడున్నర అయింది. ఎండ వంటింటి కిటికీలోంచి సగం బల్ల దాకా వచ్చింది. ఇల్లు చప్పబడిపోయింది. ఇందాకటి గోలకి ఇప్పటి నిశ్శబ్దం రెండింతలుగా ఉంది.

అత్తగారు వెదురు చాపల సందుల్లో ఇరుక్కున్న మెతుకులు పుల్లతో తీస్తోంది. కోడలు గిన్నెలు తోముతోంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక, అప్పటికే తోమిన గిన్నెని రెండోసారి తోమింది.

"అత్తయ్యా."

"ఊఁ."

"మీ రుణం తీర్చుకోలేను."

"ఏమిటే కొత్తగా?"

"నా కోసం అబద్ధం చెప్పారు కదా. మీరు చెప్పరని తెలుసు. అయినా చెప్పారు." చేతిలోని గిన్నెని అటూ ఇటూ తిప్పింది. "నా ఇంట్లో నా తరఫున మాట్లాడేవాళ్లు ఒకరున్నారనిపించింది. అంతే. ఇంకేం లేదు."

అత్తగారు పుల్ల ఆపింది.

"నేనెప్పుడు చెప్పాను అబద్ధం?"

"అదే, రేపు పదింటికి వస్తున్నారని."

"అబద్ధం కాదు. వాడు వస్తున్నాడు."

గిన్నె నీళ్లలోకి జారిపోయింది. వస్తున్నాడా! ఆ ఒక్క క్షణంలో ఆమె మొహం చూసినవాళ్లెవరైనా, ఈమెని ఏ దేవుడైనా ఇలాగే ఉంచెయ్యకూడదా అనుకుంటారు. రేపు పదింటికి! పక్క దుప్పట్లు మార్చాలి. దుకాణానికి సెలవు పెట్టాలి. ఏం మాట్లాడాలి, ఏం మాట్లాడకూడదు...

"నన్ను తీసుకెళ్లడానికి" అంది అత్తగారు.

కుళాయి కారుతూనే ఉంది. కోడలు దాన్ని కట్టేసింది. తడి చేతులు చీరకి తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది.

"మీకు ఊపిరి బాగానే ఆడుతోందన్నారుగా."

"అప్పుడు ఆడింది." ఆవిడ చాప కేసి చూస్తూనే మాట్లాడింది. "నువ్వు తొమ్మిదింటికి వెళ్తావు, ఏడింటికి వస్తావు. అంతదాకా నేను గోడలతో మాట్లాడతాను. నువ్వొచ్చాక నువ్వు గోడలతో మాట్లాడతావు. మనిద్దరి మధ్య ఉన్న మాటలేమిటి చెప్పు? గ్యాసు అయిపోయిందా, నీళ్లు వచ్చాయా, తలుపు వేశావా. వాడు వెళ్లిన సంగతి మనం ఒక్కసారైనా మాట్లాడుకున్నామా? నువ్వు ఏడిస్తే నేను ఓదార్చేదాన్ని. నువ్వు వాణ్ణి తిడితే, నేనూ నాలుగు తిట్టేదాన్ని. నువ్వు చొక్కాలు తడిపి ఆరేస్తున్నావు."

కోడలు కట్టేసిన కుళాయిని ఇంకోసారి బిగించింది.

"రెండు గదుల ఇల్లు తీసుకున్నాట్ట. వారం నుంచి రోజూ ఫోన్ చేస్తున్నాడు, రా అమ్మా రా అమ్మా అని. వారం రోజులూ వాడికి అవుననలేదు, కాదనలేదు. రాత్రే సరేనన్నాను."

"వారం రోజులు ఎందుకాగారు?"

"నువ్వేమన్నా అంటావేమోనని."

"నాకు తెలిస్తే కదా అనడానికి!"

"తెలిస్తేనే అనాలా? తెలియకపోతే అనకూడదా?" అత్తగారు ఇప్పుడు తలెత్తి చూసింది. "నలభై రోజుల్లో ఒక్కపూటైనా, 'అత్తయ్యా, మీరుంటేనే నాకు ధైర్యం' అన్నావా? అనాలని నేను అడుక్కోవాలా?"

ఆవిడ చాప మడిచి పక్కన పెట్టింది. ఇంకో చాప తీసుకోలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పెద్దావిడ కళ్లు కోడలి మొహం మీదే ఉన్నాయి.

ఓసి పిచ్చిదానా, అడగవే! ఉండండి అత్తయ్యా అని ఒక్క మాట. నాలుకకి నొప్పా? ఆవిడ సరేనని చెప్పి ఉండొచ్చు, రేపు బండి కూడా రావొచ్చు. అయినా ఆవిడ ఈ క్షణాన కదలకుండా కూర్చుందంటే ఎందుకో నీకు తెలియదా?

తెలుసు. కోడలికి బాగా తెలుసు. ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా. కానీ నలభై ఒక్క రోజుల కిందట ఇదే వంటింట్లో, ఇదే చోట నిలబడి, ఆ మాటే ఇంకో మనిషితో అంది. ఉండిపోండి అంది. చెయ్యి కూడా పట్టుకుంది. దానికి జవాబుగా వీధి తలుపు చప్పుడు వినపడింది. అడగకపోతే వెళ్లిపోతారు, అడిగితే కాదని మరీ వెళ్లిపోతారు. రెండోది ఇంకోసారి తట్టుకోవడం తనవల్ల కాదు.

"పెట్టె అటక మీద ఉంది" అంది. గొంతు మామూలుగానే ఉంది. దుకాణంలో కొత్త కళ్లజోడు చేతికిచ్చి, చెవుల దగ్గర ఒత్తుకుంటోందా అండీ అని అడిగే గొంతు. "ఇప్పుడే దించనా?"

అత్తగారు ఒళ్లోంచి చేతులు తీసి బల్ల మీద పెట్టింది.

"దించు" అంది.

కోడలు పడగ్గదిలోకి స్టూలు తెచ్చి ఎక్కింది. పెట్టె లోపలికంటా ఉంది, మునివేళ్ల మీద నిలబడితే కానీ అందదు. కింద స్టూలు ఊగింది. ఎవరో గట్టిగా పట్టుకున్నట్టు తెలిసింది. వంగి చూడలేదు.

"మెల్లిగా. పడ్డావంటే చూసేవాళ్లెవరూ లేరు" అంది అత్తగారు కింది నుంచి.

పెట్టె దిగింది. మంచం మీద పెట్టారు. కోడలు తడిగుడ్డ తెచ్చి మూత తుడిచింది, తాళం దగ్గర తుడిచింది, చక్రాలు కూడా తుడిచింది. తుడవడానికి ఇంకేమీ మిగల్లేదు.

మంచానికి ఇటు ఒకరు, అటు ఒకరు నిలబడ్డారు. మూత ఎవరు తీస్తారా అని ఇద్దరూ చూస్తున్నారు.